హాక్‌మ్యాన్ రెండో సంపుటం కోసం ఎదురుచూపు: తొలితరం సూపర్‌హీరో కామిక్స్ పునర్ముద్రణలపై చర్చ

పాతకాగితం, విజయవాడ:

సభ్యులందరికీ నమస్కారం. అమెరికా కామిక్స్ ప్రచురణకర్త డీసీ సంస్థ ‘గోల్డెన్ ఏజ్ హాక్‌మ్యాన్ ఆర్కైవ్స్’ మొదటి సంపుటాన్ని 2006లో తెచ్చింది. ‘ఫ్లాష్ కామిక్స్’ పత్రికలో 1 నుంచి 22వ సంచిక దాకా వచ్చిన, రెక్కలు కట్టుకుని ఎగిరే హీరో హాక్‌మ్యాన్ కథలు అందులో ఉన్నాయి. ఆ పత్రిక 1940 జనవరి సంచికతో మొదలై, 1949 ఫిబ్రవరిలో 104వ సంచికతో ఆగిపోయింది. అంటే ఇంకా 82 సంచికల సరుకు మిగిలే ఉంది. నేను మొదటి సంపుటం కొన్న రోజున, పక్కన రెండో దానికి చోటుండాలని బీరువాలో అంగుళంన్నర ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో ఇప్పుడు మా మనవడి రంగు పెన్సిళ్ల డబ్బా ఉంటోంది.

నా బాధ ఏమిటంటే, అసలు రుచి తరువాతి సంచికల్లోనే ఉంది. మొదటి మూడు సంచికలకు డెనిస్ నెవిల్, నాలుగో సంచిక నుంచి షెల్డన్ మోల్డాఫ్ బొమ్మలు వేశారు. మోల్డాఫ్ పనితనాన్ని తక్కువ చేయలేను. అయితే 1940ల మధ్యలో ఈ పాత్ర జో క్యూబర్ట్ అనే కుర్రవాడి చేతికి వచ్చింది. 1926లో పుట్టిన క్యూబర్ట్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తరువాతి కాలంలో అమెరికా కామిక్స్‌లో పెద్ద చిత్రకారుల్లో ఒకడిగా నిలిచిన మనిషి, పని నేర్చుకుంటూ నేర్చుకుంటూ వేసిన ఆ నీడలూ, ఆ రెక్కల విసురూ వరసగా ఒకచోట చూడాలన్నది నా కోరిక.

మీరందరూ ఏ పాత్ర కోసం, ఏ పత్రిక కోసం ఎదురుచూస్తున్నారో, ఏ రూపంలో రావాలని కోరుకుంటున్నారో రాయవలసిందిగా కోరుతున్నాను. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లను దయచేసి పక్కన పెట్టండి. వారికి ఏ లోటూ లేదు.

అబిడ్స్ ఫుట్‌పాత్, హైదరాబాద్:

పాతకాగితం గారూ, మీరు కదిపిన తేనెతుట్టె చిన్నది కాదు. సూపర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకడైన జెర్రీ సీగెల్ రాయగా బెర్నార్డ్ బెయిలీ బొమ్మలు వేసిన స్పెక్టర్ అనే హీరో 1940 ఫిబ్రవరిలో ‘మోర్ ఫన్ కామిక్స్’ 52వ సంచికలో వచ్చాడు. అతనికి ఒకే ఒక్క సంపుటం దక్కింది. గ్యాస్ ముసుగు వేసుకుని తిరిగే మొదటి శాండ్‌మ్యాన్‌కూ ఒక్కటే. ఆటమ్ అనే పొట్టి వస్తాదుకు అదీ లేదు. పలువురు హీరోలను కలిపి వేసిన పుస్తకంలో అతనికి కొన్ని పేజీలు విదిలించారు. అదృష్టవంతులు ఇద్దరే. డాక్టర్ ఫేట్ ‘మోర్ ఫన్’ కథలు ఒకే లావుపాటి సంపుటంలో పూర్తిగా ఇమిడిపోయాయి. స్టార్‌మ్యాన్ రెండింటితో దాదాపు పూర్తయ్యాడు. అంటే తొందరగా ఆగిపోయిన హీరోకే సమగ్ర సంకలనం దక్కుతుంది. జనం మెచ్చి పదేళ్లు నడిపించిన హీరో సగంలో మిగిలిపోతాడు.

విషయం వచ్చింది కాబట్టి నా భంగపాటు కూడా చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇంజినీరింగ్ గైడ్ల దొంతర కింద, సూపర్‌మ్యాన్ కారు ఎత్తుతున్న ముఖచిత్రం కనబడింది. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక, 1938 జూన్, వెల 10 సెంట్లు అని అచ్చంగా ఉంది. నా చేతులు వణికాయి. ముఖం మీద ఏమీ కనబడనీయకుండా, పక్కనున్న రసాయనశాస్త్రం పుస్తకాన్ని బేరమాడుతూ దీన్ని కూడా ఊరికే అడిగినట్టు అడిగి, రెండూ కలిపి తీసుకున్నాను. ఇంటికి వెళ్లాక తెలిసింది, అది దినపత్రికను సగానికి మడిచినంత పెద్దదిగా ఉందని, అసలు సంచిక అంత పెద్దది కాదని. డీసీ వారు 1974లో భారీ సైజులో ప్రతి పేజీనీ యథాతథంగా పునర్ముద్రించిన ‘ఫేమస్ ఫస్ట్ ఎడిషన్’ అది. పునర్ముద్రణ అని చెప్పే పై అట్టను ఎవరో పీకేశారు. ఆ రోజుల్లో అమెరికాలోనూ కొందరు ఇలాగే అట్ట తీసేసి అసలు ప్రతి అని అమ్మజూశారట. రసాయనశాస్త్రం పుస్తకం మాత్రం మా చెల్లెలికి పనికొచ్చింది.

ఎడిసన్ తెలుగువాడు, న్యూజెర్సీ:

అబిడ్స్ గారూ, ఆ 1974 ప్రతిని పారేయకండి. దాని సంగతి మళ్లీ వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. డీసీ ఆర్కైవ్ ఎడిషన్స్ 1989లో మొదలయ్యాయి. గట్టి అట్ట, మంచి కాగితం, ఒక్కో సంపుటం చాలా కాలం పాటు 49.95 డాలర్లు. ఆ వరస 2014తో ముగిసింది. మార్వెల్ వారి ‘మాస్టర్‌వర్క్స్’ 1987లోనే మొదలైనా, 1939 నాటి తొలి సరుకు జోలికి వారు 2004లో గాని రాలేదు. వారి పత్రిక ‘మార్వెల్ మిస్టరీ’ 92 సంచికలు నడిచింది. సంపుటానికి నాలుగు సంచికల చొప్పున ఏడు సంపుటాలు వేసి 28వ సంచిక దగ్గర ఆగారు. అదే లెక్కన మిగిలిన 64 సంచికలకు ఇంకా పదహారు సంపుటాలు కావాలి. కొనేవాడికీ ఓపిక చాలదు, వేసేవాడికీ గిట్టదు. మొదటి సంపుటం అందరూ కొంటారు. రెండోది సగం మంది కొంటారు. నాలుగోది మనలాంటి వాళ్లు మాత్రమే కొంటారు. ఇది నేను దుకాణంలో కళ్లారా చూసిన సంగతి.

పూర్తయిన పెద్ద వరస ఒకటుంది. విల్ ఐస్‌నర్ సృష్టించిన ‘ది స్పిరిట్’ 1940 జూన్ 2 నుంచి 1952 అక్టోబరు 5 దాకా వార్తాపత్రికలతో ఆదివారం అనుబంధంగా వచ్చింది. దాన్ని 2000 నుంచి 2009 మధ్య 26 సంపుటాల్లో మొదటి నుంచి చివరి దాకా వేశారు. పాత్ర హక్కులను ఐస్‌నర్ మొదటి నుంచీ తన చేతిలోనే ఉంచుకున్నాడు. కథ ఒక్కోటి చిన్నది. వెనక పట్టుదల గల ఒక మనిషి ఉన్నాడు. హాక్‌మ్యాన్‌కు అలాంటి దిక్కు లేదు.

ఆశ పూర్తిగా పోలేదు. 2024 చివర్లో ‘డీసీ ఫైనెస్ట్’ అని మెత్తని అట్టతో, సుమారు 600 పేజీల సంపుటాలు మొదలుపెట్టారు. ఆర్కైవ్స్‌తో పోలిస్తే పేజీ ధర చాలా తక్కువ. హీరోల బృందం జస్టిస్ సొసైటీ తొలి కథలూ, జాక్ కోల్ సృష్టించిన ప్లాస్టిక్ మ్యాన్ తొలి కథలూ ఆ వరసలోకి వచ్చాయి. ప్లాస్టిక్ మ్యాన్‌కు చోటు దొరికినప్పుడు ఆనాటి రెక్కల మనిషికి దొరకదా?

కొత్తపాఠకుడు, కర్నూలు:

పెద్దలకు నమస్కారం. నేను సినిమాల ద్వారా ఈ లోకంలోకి వచ్చినవాణ్ని. నాకొక సందేహం. పాత సంచిక ఒకటి సంపాదించి, మంచి స్కానర్ మీద పెట్టి, ఆ బొమ్మనే అచ్చు వేస్తే సరిపోదా? పునర్ముద్రణ అంటే అంత ఖర్చు ఎందుకవుతుంది?

ముద్రాపకుడు, గుంటూరు:

తమ్ముడూ, ఈ ప్రశ్నకు నేనే సమాధానం చెప్పాలి, ఎందుకంటే ముప్పై ఏళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సులో పని చేసి, కళ్లజోడు నంబరు పెంచుకున్నవాణ్ని.

1940లో ఈ పత్రికలు చవక న్యూస్‌ప్రింట్ మీద నాలుగు రంగుల్లో అచ్చయ్యేవి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది. చుక్క కాస్త పాకుతుంది, రంగు కాస్త మందగిస్తుంది. చాలా చోట్ల రిజిస్ట్రేషన్, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం, తప్పి, ఎరుపు రంగు కోటు హద్దు దాటి చెవి మీద కూర్చుంటుంది. కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. చిత్రకారుల అసలు బొమ్మల్లో చాలా భాగం ఆ రోజుల్లోనే చెత్తబుట్టల పాలయ్యాయి. నెగటివ్‌లు భద్రపరిచిన చోట పని సులువు. లేని చోట అచ్చయిన సంచికే మూలాధారం.

అప్పుడు రెండు దారులుంటాయి. మొదటిది, రంగును తొలగించి నల్ల గీతను మాత్రమే రాబట్టడం. కంప్యూటర్ రాకముందు గ్రెగ్ థీక్‌స్టన్ అనే ఆయన ఒక పద్ధతి వాడాడు. నిజమైన పాత పేజీని రసాయనంలో ముంచితే రంగులన్నీ వెలిసిపోయి నల్ల సిరా మిగిలేది. ఆయన పేరుతోనే ఆ పద్ధతిని ‘థీక్‌స్టనైజింగ్’ అంటారు. ఆ పేజీ మళ్లీ పనికిరాదు. ఒక ప్రతిని చంపి వెయ్యి ప్రతులకు ప్రాణం పోయడమన్నమాట. ఆ తరువాత చెరిగిన గీతలను చేత్తో దిద్దాలి, మొత్తానికి కొత్తగా రంగులు వేయాలి. గంటల తరబడి పని. ఖర్చంతా ఇక్కడే.

పైగా ఇంత చేశాక దాన్ని తెల్లగా మెరిసే ఆర్ట్ పేపర్ మీద వేస్తారు. న్యూస్‌ప్రింట్ కోసం ఎంచిన పచ్చి ఎరుపు, పచ్చి పసుపు ఆ కాగితం మీద కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి. మా ప్రెస్సులో పెళ్లి శుభలేఖల వాళ్లు కూడా అంత రంగు ఒప్పుకునేవారు కాదు.

రెండో దారి నువ్వు చెప్పిందే. ఉన్న పేజీని ఉన్నట్టే స్కాన్ చేసి, మరకలు మాత్రం తుడిచి, చుక్కలూ పసుపూ అలాగే ఉంచి, మెరుపు లేని మాప్‌లిథో మీద వేయడం. ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ వారు 2007లో పాల్ కరాసిక్ సంపాదకత్వంలో ఆ కాలపు చిత్రకారుడు ఫ్లెచర్ హ్యాంక్స్ కథలు తెచ్చినప్పుడు ఇటువంటి పద్ధతినే అనుసరించారు. నా ఓటు దానికే. అయితే దీనికి శుభ్రమైన అసలు ప్రతి చేతికి చిక్కాలి. అటువంటి ప్రతి ఉన్నవాళ్లు దాన్ని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి వేలానికి పెడతారు గాని, స్కానర్ మీద బోర్లించడానికి ఇవ్వరు.

ఇంకొక్క మాట. 600 పేజీల పుస్తకం గమ్ బైండింగ్‌తో వస్తే నడిమి బొమ్మలు గాడిలో పడిపోతాయి. ఫారాలు కుట్టిన పుస్తకమైతేనే బల్ల మీద పరుచుకుంటుంది. చవకగా కావాలన్నప్పుడు ఇది కూడా ఆలోచించండి.

లైబ్రరీ మెట్లు, రాజమహేంద్రవరం:

ముద్రాపకుడు గారి వివరణకు ధన్యవాదాలు. నేను అసలు ప్రశ్నను కాస్త పక్కకు తిప్పుతాను. మీరందరూ హీరో వారీగా సంపుటాలు అడుగుతున్నారు. నాకు హీరో వద్దు, పత్రిక కావాలి.

మా ఇంట్లో అమ్మమ్మ వారపత్రికల్లోని సీరియల్ పేజీలు చించి, వరస పెట్టి, బైండు చేయించి దాచేది. తెలుగిళ్లలో ఈ అలవాటు మీకందరికీ తెలిసిందే. నేను సెలవుల్లో ఆ బైండు పుస్తకాలు చదువుతూ, సీరియల్ కన్నా పేజీ వెనకవైపు చిక్కుకుపోయిన వాటినే ఎక్కువగా చూసేదాన్ని. సగం కార్టూను, ఆరంభం లేని వంటల శీర్షిక, తల మాత్రమే మిగిలిన సబ్బు ప్రకటన. ఆ సీరియల్ ఏ లోకంలో పుట్టిందో నాకు ఆ వెనక పేజీలే చెప్పాయి. బైండరు అంచులు కోసిన చోట ఆ లోకం కూడా తెగిపోయింది.

హాక్‌మ్యాన్ ఆర్కైవ్స్ అచ్చం మా అమ్మమ్మ బైండు లాంటిదే. ‘ఫ్లాష్ కామిక్స్’ మొదటి సంచికలో హాక్‌మ్యాన్‌తో పాటు ఫ్లాష్ ఉన్నాడు, జానీ థండర్ ఉన్నాడు, విప్ ఉన్నాడు, క్లిఫ్ కార్న్‌వాల్ ఉన్నాడు. పది సెంట్లు పెట్టిన పిల్లవాడు వీళ్లందరినీ కలిపి చదివాడు. వాళ్లలో ఏ హీరో నిలుస్తాడో సంపాదకులకే తెలియని రోజులవి. నిలిచినవాణ్ని మాత్రమే ఏరి వేస్తే, ఆ పోటీ మనకు కనబడదు.

పాతకాగితం, విజయవాడ:

లైబ్రరీ మేడమ్ గారూ, మీ అమ్మమ్మగారి బైండు సంగతి చదివి కాసేపు ఆగిపోయాను. మా ఇంట్లోనూ ఉండేవి. అయినా మీతో ఏకీభవించలేకపోతున్నాను. క్లిఫ్ కార్న్‌వాల్ కథలను ఈ రోజు డబ్బు పెట్టి చదివేవారు ఎవరు? 64 పేజీల సంచికలో హాక్‌మ్యాన్‌కు దక్కేది కొద్ది పేజీలే. పత్రికంతా వేస్తే నా క్యూబర్ట్ కథల దాకా చేరడానికి ఎన్ని సంపుటాలు పడతాయో లెక్కేయండి. నాకు అరవై ఎనిమిదేళ్లు. ఏరి వేయడం లోపమే కావచ్చు, ఆ లోపంతోనే నాకు పుస్తకం కావాలి.

ఎడిసన్ తెలుగువాడు, న్యూజెర్సీ:

ఇప్పుడు అబిడ్స్ గారి 1974 ప్రతి దగ్గరికి వద్దాం. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ కథ 13 పేజీలు మాత్రమే. జెర్రీ సీగెల్, జో షూస్టర్‌లకు ఆ 13 పేజీలకు, పేజీకి 10 డాలర్ల లెక్కన, 130 డాలర్లు ముట్టాయి. హక్కులు కూడా ఆ చెక్కుతోనే పోయాయి. మిగిలిన పేజీల్లో ఫ్రెడ్ గార్డినీర్ వేసిన ఇంద్రజాలికుడు జతారా, చక్ డాసన్ అనే కౌబాయ్, పెప్ మోర్గన్ అనే ఆటగాడు, స్కూప్ స్కాన్లన్ అనే విలేకరి, చివరికి మార్కో పోలో కూడా ఉన్నారు. సూపర్‌మ్యాన్ సంకలనాలు మాత్రమే కొన్నవారికి, అతను ఇంతమంది మామూలు మనుషుల మధ్య నిలబడి ఎంత వింతగా కనబడి ఉంటాడో ఊహకందదు. ఆ సంచికను అట్ట నుంచి అట్ట దాకా వేసిన భారీ ప్రతి అది. అందుకే పారేయవద్దన్నాను.

ఇందులో మార్వెల్ వారిని మెచ్చుకోవాలి. వారి తొలితరం సంపుటాల్లో సంచికలను మొత్తంగా వేశారు. 1939 అక్టోబరు నాటి ‘మార్వెల్ కామిక్స్’ మొదటి సంచికలో కార్ల్ బర్గోస్ హ్యూమన్ టార్చ్, బిల్ ఎవరెట్ సబ్‌మరైనర్‌లతో పాటు మాస్క్‌డ్ రెయిడర్ అనే గుర్రపు వీరుడూ, ఏంజెల్ అనే మీసాల పెద్దమనిషీ, అడవిలో పెరిగిన కాజార్ కూడా వచ్చారు. వాళ్లందరూ సంపుటంలోకి ఎక్కారు.

ఇంకో సంగతి. ప్రతి సంచికలోనూ రెండు పేజీల వచన కథ ఒకటి ఉండేది. తపాలా శాఖ వారి చవక పత్రికా రేటు దక్కాలంటే వచనం ఉండాలన్న నిబంధన వల్ల వేసేవారు తప్ప, దాన్ని చదివిన పిల్లలు తక్కువ. సంకలనాల్లో మొదట కోతపడేదీ అదే. కాని 1941 మే నాటి ‘కెప్టెన్ అమెరికా కామిక్స్’ 3వ సంచికలోని అలాంటి పూరక కథే, తరువాత మార్వెల్ వారి ప్రఖ్యాత రచయిత అయిన స్టాన్ లీ పేరుతో అచ్చయిన మొట్టమొదటి రచన. అప్పుడు అతను ఆఫీసులో సిరాబుడ్లు నింపే కుర్రాడు. కోసిపారేసే పేజీలో ఏముంటుందో కోసేవాడికి తెలియదు, పాతకాగితం గారూ.

‘స్పిరిట్’ పూర్తయిందని నేనే గొప్పగా చెప్పాను గాని, అదీ ఒక విధంగా బైండు పుస్తకమే. ఆ ఆదివారం అనుబంధంలో లేడీ లక్, మిస్టర్ మిస్టిక్ కూడా ఉండేవారు. ఆ 26 సంపుటాల్లో వారికి చోటు లేదు.

అబిడ్స్ ఫుట్‌పాత్, హైదరాబాద్:

పత్రికా, హీరోనా అన్న తగవు మీరు తేల్చుకోండి. నాకు ఒక్క సీరియల్ చాలు. సి. సి. బెక్ బొమ్మలతో, ఆటో బైండర్ కథతో ‘కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్’ పత్రికలో 1943 మార్చి నుంచి 1945 మే దాకా, 22 నుంచి 46వ సంచిక వరకు 25 భాగాలుగా నడిచిన ‘మాన్‌స్టర్ సొసైటీ ఆఫ్ ఈవిల్’. విలన్ ఎవరో కొన్ని నెలలు చూపించరు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. చివరికి చూస్తే మిస్టర్ మైండ్ ఒక పురుగు. వేలెడంత పచ్చ పురుగు, కళ్లజోడు పెట్టుకుని, మెడలో చిన్న మైకు తగిలించుకుని లోకాన్ని గడగడలాడిస్తుంది. సీరియల్ రాయడం ఎలాగో నేర్చుకోవాలంటే దీన్ని చదవాలి.

1989లో 3,000 ప్రతులు మాత్రమే వేసిన పెద్ద సంపుటం ఒకటి వచ్చింది. దాని ధర ఇప్పుడు నా అందుబాటులో లేదు. డీసీ వారి ‘షజామ్ ఆర్కైవ్స్’ నాలుగు సంపుటాలు నడిచి, ఈ సీరియల్ దాకా రాకుండా ఆగిపోయాయి. తరువాత 2019లో తెస్తామని ప్రకటించి, ఆర్డర్లు కూడా తీసుకుని రద్దు చేశారు. కెప్టెన్ మార్వెల్ రాతే అంత. సూపర్‌మ్యాన్‌కు నకలని 1941లో డీసీ వారు దావా వేశారు, 1951లో న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ తీర్పు అతన్ని ప్రచురించే ఫాసెట్ సంస్థకు ప్రతికూలంగా వచ్చింది, 1953లో 4 లక్షల డాలర్లు కట్టి ఆ హీరోకు స్వస్తి చెప్పారు. దావా వేసినవారే 1972లో అతన్ని అద్దెకు తెచ్చుకున్నారు. ఈలోగా 1967లో మార్వెల్ వారు ఆ పేరును తమ సొంతం చేసుకోవడంతో, ఇంటిపేరు పోయి ‘షజామ్’ అనే మంత్రం మాటతో బతకవలసి వచ్చింది. సూపర్‌మ్యాన్ కన్నా ఎక్కువ అమ్ముడుపోయిన మనిషి సార్!

కొత్తపాఠకుడు, కర్నూలు:

అబిడ్స్ మాస్టారూ, ఆర్డర్లు తీసుకుని కూడా ఎందుకు రద్దు చేశారు?

లైబ్రరీ మెట్లు, రాజమహేంద్రవరం:

దీనికి నేను చెప్తాను. ఆ సీరియల్లో నల్లజాతి వారిని, జపాను వారిని చిత్రించిన తీరు కారణమని పాఠకులు భావిస్తున్నారు. స్టీమ్‌బోట్ అనే నల్లజాతి సేవకుడి పాత్ర ఒకటుంది. లావు పెదవులు, వంకర భాష, ప్రతి మాటకూ బెదరడం. నేను ఒకటి రెండు పేజీలు చూసి సిగ్గుపడ్డాను. ఈ మాట అంటే ‘ఆనాటి కాలం అంతే’ అనే జవాబు వస్తుంది. ఆ జవాబు పూర్తి నిజం కాదు. 1945లోనే న్యూయార్క్ పాఠశాల విద్యార్థుల బృందం ఒకటి ఫాసెట్ సంపాదకుల దగ్గరికి వెళ్లి, ఈ బొమ్మ మా జాతిది కాదని నిలదీసింది. ఆ తరువాత ఆ పాత్రను తీసేశారు. అంటే ఆ కాలంలోనే అది తప్పని చెప్పిన పిల్లలున్నారు, విన్న పెద్దలూ ఉన్నారు.

అందుకే పుస్తకం రావాలంటాను. ముందుమాటలో ఆ పిల్లల సంగతి రాయాలి. ఒక్క బొమ్మ కూడా దిద్దకూడదు. పిల్లల అలమరలో కాకుండా పెద్దల అలమరలో పెట్టాలి. డీసీ వారికి ఇది కొత్త కూడా కాదు. ‘స్పిరిట్’లోని ఎబొనీ వైట్ పాత్ర కూడా ఇదే బాపతు. అయినా ఆ 26 సంపుటాలనూ వారే వేశారు. అక్కడ ఐస్‌నర్ అనే పెద్ద పేరు అండగా ఉంది. పురుగు విలన్‌కు అండగా నిలిచే పేరు లేదు.

ముద్రాపకుడు, గుంటూరు:

మేడమ్ గారితో నేను సగమే ఏకీభవిస్తాను. మనం ఇక్కడ కూర్చుని ముందుమాట చాలంటాం. ఆ బొమ్మలో ఉన్నది మన తాతలు కాదు కదా. మన సినిమాల్లో, మన పత్రికల కార్టూన్లలో ఏ కులాన్ని ఎలా గీశారో గుర్తు తెచ్చుకుని, వాటిని ఖరీదైన బైండుతో వేస్తే మనలో ఎవరికి ఎలా ఉంటుందో ఆలోచించాక ఈ మాట అందాం. వేయకూడదని నేననను. తేలికగా వేయమనలేను.

లైబ్రరీ మెట్లు, రాజమహేంద్రవరం:

న్యాయమైన మాట. ముందుమాట రాయవలసినవారు కూడా మనలాంటి అభిమానులు కాకూడదేమో.

కొత్తపాఠకుడు, కర్నూలు:

ఇంకొక్క ప్రశ్న అడిగి విరమిస్తాను. హక్కుల గడువు తీరితే ఎవరైనా వేసుకోవచ్చని విన్నాను. అప్పటిదాకా ఆగితే సరిపోతుందా?

ఎడిసన్ తెలుగువాడు, న్యూజెర్సీ:

అమెరికాలో ఆ కాలపు ప్రచురణలకు, హక్కు సక్రమంగా పునరుద్ధరించి ఉంటే, 95 ఏళ్ల గడువు. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 2034 జనవరి 1న బయటికొస్తుంది. బ్యాట్‌మ్యాన్ తొలి కథ, ‘మార్వెల్ కామిక్స్’ మొదటి సంచిక 2035లో. పాతకాగితం గారి ‘ఫ్లాష్ కామిక్స్’ తొలి సంచికలు 1939, 1940 సరిహద్దులో ఉన్నాయి కాబట్టి 2035 లేదా 2036. క్యూబర్ట్ కథలు 2040 దాటాకే. మొదటి సంచిక బయటికొస్తే ఆ సంచికలో ఉన్నదే బయటికొస్తుంది. 1938 సూపర్‌మ్యాన్ ఎగరడు, గెంతుతాడు. పేరు మీద, గుర్తు మీద ట్రేడ్‌మార్కు మిగిలే ఉంటుంది.

అయితే 28వ ఏట హక్కును పునరుద్ధరించడం మరిచిన చిన్న సంస్థల సరుకు ఎప్పుడో స్వేచ్ఛ పొందింది. బ్లాక్ టెర్రర్ అనే హీరోను ఈ రోజు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. లెవ్ గ్లీసన్ వారి తొలి డేర్‌డెవిల్‌ను కూడా. అతనికీ మార్వెల్ వారి గుడ్డి వకీలుకూ పేరు తప్ప సంబంధం లేదు. ప్లాస్టిక్ మ్యాన్ కన్నా ముందు జాక్ కోల్ ఆ డేర్‌డెవిల్‌కు బొమ్మలు వేశాడు. మొదలుపెట్టాలనుకుంటే అక్కడ మొదలుపెట్టండి, తమ్ముడూ. ఖర్చు లేదు.

పాతకాగితం, విజయవాడ:

2040 దాటాక అన్న మాట చదివి నవ్వుకున్నాను. ఎడిసన్ గారు సున్నితంగానే చెప్పారు.

రెండు రోజులుగా ఆలోచించి నా కోరికను సవరించుకుంటున్నాను. నిన్న హాక్‌మ్యాన్ సంపుటం తీసి, లైబ్రరీ మేడమ్ గారి మాట మనసులో పెట్టుకుని మళ్లీ చదివాను. ఒక కథ ముగిసిన వెంటనే తరువాతి నెల కథ మొదలవుతోంది. ఇరవై రెండు నెలలు ఊపిరి తీసుకోకుండా ఈ మనిషి ఎగురుతూనే ఉన్నాడు. వరసగా ఆరు కథలు చదివేసరికి రెక్కలు చూసి విసుగొచ్చింది. నెలకొకసారి, జానీ థండర్ వెకిలి వేషాల పక్కన చదివి ఉంటే ఈ విసుగు వచ్చేది కాదనిపించింది.

కాబట్టి నా అర్జీ ఇది: హీరో వారీ సంపుటాలు ఎలాగూ పూర్తి కావడం లేదు కనుక, ‘ఫ్లాష్ కామిక్స్’ చివరి సంచికల్లో పదిహేనింటిని ఏరి, అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో, ఎవరూ చదవని ఆ రెండు పేజీల వచనంతో సహా, మాప్‌లిథో మీద, కుట్టు బైండుతో వేయాలి. క్యూబర్ట్ హాక్‌మ్యాన్ అందులోనే ఉంటాడు. చిత్రకారుడు కార్మైన్ ఇన్‌ఫాంటినో చేతుల మీదుగా బ్లాక్ కెనరీ అనే నాయిక అడుగుపెట్టిన 1947 ఆగస్టు సంచిక, 86వది, కూడా ఉంటుంది. ఎడిసన్ గారు దీన్ని మర్యాదైన ఇంగ్లిషులో రాసి ప్రచురణకర్తకు పంపగలిగితే, నా పేరు మొదట పెట్టండి.

ఎడిసన్ తెలుగువాడు, న్యూజెర్సీ:

ఈ శనివారం ముసాయిదా ఇక్కడే పెడతాను. గమ్ బైండింగ్ గురించిన పేరా ముద్రాపకుడు గారు రాయాలి.

ముద్రాపకుడు, గుంటూరు:

రాస్తాను. కాగితం మందం కూడా వేస్తాను.

అబిడ్స్ ఫుట్‌పాత్, హైదరాబాద్:

నా సంతకం కూడా వేసుకోండి, కింద చిన్న అక్షరాల్లో పురుగు సంగతి మరవకండి. కొత్తపాఠకుడు తమ్ముడికి ఒక మాట: ఆ 1974 నాటి భారీ ప్రతి నా దగ్గర ఊరికే పడి ఉంది. చిరునామా ప్రైవేటు సందేశంలో పంపితే రిజిస్టర్డ్ పార్సిల్ చేస్తాను. పై అట్ట లేదని ముందే చెప్తున్నాను.